పుస్తకం తాతతో తగువు

నవంబరు 3, సోమవారం

సాయంత్రం ముగ్గురు పిల్లలు వచ్చారు. గుమ్మం బయట నిలబడి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. నువ్వు చెప్పు, కాదు నువ్వే చెప్పు. మా రత్నం క్లాసు పిల్లలే. ఇప్పుడు పదో తరగతి.

ధనరాజు పక్కింటివాడే. మా పొయ్యి మీద ఏం ఉడుకుతోందో వాడికి నాకంటే ముందు తెలుస్తుంది. రెండో పిల్ల హారిక, కళ్ళద్దాలు, రెండు జడలు, రోడ్డవతల వరి రైతుల ఇంటి పిల్ల. మూడోవాడు సాయికిరణ్, కిరాణా కొట్టు వాళ్ళబ్బాయి. నీచు ముట్టని ఇల్లు. వాకిట్లో ఎండబెట్టిన నెత్తళ్ళ చాప చూసి, అక్కడేదో పాము పడుకున్నట్టు చుట్టూ తిరిగి వచ్చాడు.

చివరికి హారికే నోరు విప్పింది. తెలుగు మేడం గ్రూపు ప్రాజెక్టు ఇచ్చారట. కథల పుస్తకం కాదు, వాదించే పుస్తకం చదవాలట. రాసినాయన ఏమంటున్నాడు, ఏ ఆధారంతో అంటున్నాడు, కాదనేవాళ్ళు ఏమంటారు — మూడూ చార్టు మీద రాసి క్లాసులో చెప్పాలి. ఇరవై మార్కులు. వీళ్ళకి చీటీలో వచ్చిన పుస్తకం లైబ్రరీ బీరువాలో లేదు. రిజిస్టరులో మా రత్నం పేరు మీద ఉంది.

పోయినేడాది ఆగస్టు నుంచి, అంది. అని నాలుక కరుచుకుంది.

ఉంది. బట్టల పెట్టెలో, యూనిఫాం కింద.

లేదని చెప్పాను.

నవంబరు 4, మంగళవారం

అబద్ధం చెప్పిన మర్నాడు పులుసు కూడా కుదరదు. ఉప్పు రెండుసార్లు వేశాను.

నవంబరు 5, బుధవారం. పున్నమి

కార్తీకం. చేపకి సెలవు. ఆమదాలవలస స్టేషను ముందు పొద్దుటి నుంచి కూర్చుంటే నా గంప వంక చూసినవాడు లేడు. చూసినవాళ్ళు కూడా పాపం చూసినట్టు చూసి ముఖం తిప్పుకున్నారు. మధ్యాహ్నానికే బస్సెక్కి వచ్చేశాను.

ఇల్లంతా ఖాళీ. ఈయన రేవులో ఉన్నాడు. పెట్టె తీశాను.

పలచటి పుస్తకం. వెనక అట్ట మీద శాలువా కప్పుకున్న ముసలాయన బొమ్మ. మనిషి చేపలు తినడం మానేయాలి అని రాశాడట మొత్తం. రత్నం దీన్ని తెచ్చిన రోజు గుర్తే. బ్యాగు దింపకుండానే, "అమా, మనల్ని తిట్టిన పుస్తకం ఒకటి దొరికినాది, సదివి ఈయన పని సెప్తాను" అంది. ఒకటే నవ్వు. చదవడం మొదలుపెట్టింది. సగంలో జ్వరం వచ్చింది. నాలుగు రోజులు.

ఆ తర్వాత నేనా పుస్తకం తెరవలేదు. నా చదువు అయిదో తరగతి. తిట్లు తినడానికి నాకు పుస్తకం దేనికి, బజారు చాలు.

ఇవాళ కూడా తెరవలేదు. చేతిలో పట్టుకున్నాను, అంతే. ఆ పిల్లకి ఇరవై మార్కులు.

ఈ నోటుబుక్కు కూడా ఆ పెట్టెలోదే. ముందు పదకొండు పేజీలు రత్నం లెక్కలు. పన్నెండు నుంచి నాది.

నవంబరు 6, గురువారం

ధనరాజుని గోడ మీంచి పిలిచి పుస్తకం ఉందని చెప్పాను.

"ఉన్నాదా? మొన్న నేదన్నావు కదా పెద్దమ్మా."

"మొన్న నేదు. ఇయ్యాల ఉన్నాది. నీకేటి?"

షరతులు చెప్పాను. పుస్తకం గడప దాటదు. చదవాలంటే మా అరుగు మీదికొచ్చి చదవాలి. చేతులు కడుక్కుని ముట్టుకోవాలి. ఈ చివరి మాట చేపలమ్మే నేను అన్నానని వాడు వీధి వీధంతా చెప్పుకుని నవ్వాడట.

నవంబరు 7, శుక్రవారం

బడి విడిచాక వచ్చారు. హారిక టీవీలో వార్తలు చదివేదానిలా గొంతు సవరించుకుని చదువుతుంది. సాయికిరణ్ నోట్సు రాస్తాడు, అడ్డగీతలు స్కేలుతో. ధనరాజు వింటాడు. వినడానికి వేపిన శనగలు కావాలి.

మొదటి పేజీ అంతా బాగానే గడిచింది. సముద్రం తల్లి, చేప బిడ్డ, బిడ్డని తినడం న్యాయమా అని అడుగుతున్నాడాయన. మంచి భాష. రెండో పేజీ తిప్పగానే హారిక ఆగిపోయింది.

అంచున పెన్సిలుతో ఉంది. "ఈ తాత ఎప్పుడూ ఆకలితో పడుకోలేదు."

వంకర అక్షరాలు. గుడులన్నీ చెదిరిపోయిన గాలిపటాల్లా ఉంటాయి దానివి.

ధనరాజు నోట్లో శనగలు నమలడం ఆపేశాడు. తర్వాత వాడికి నవ్వొచ్చింది, ఆపుకుంటే ముక్కులోంచి వచ్చింది, దాంతో మిగతా ఇద్దరికీ. నాకూ వచ్చింది. మరీ అంత నవ్వితే ఎవరైనా ఏమనుకుంటారోనని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

పుస్తకం లాక్కుని ఇవాళ్టికి చాలన్నాను. రెండు పేజీలే కదా అత్తా, అంది హారిక. రెండే.

నవంబరు 8, శనివారం

పొద్దున్నే హారిక ఒక్కతే వచ్చింది. లెక్క రాసుకుని వచ్చింది. పుస్తకం తొంభై ఆరు పేజీలు, క్లాసులో చెప్పాల్సింది పద్దెనిమిదో తారీకు. రోజుకి రెండు పేజీలయితే వాళ్ళ పెళ్ళిళ్ళయ్యాక పూర్తవుతుందట.

కొత్త రూలు చెప్పాను. ముందు నేను చదువుతాను, తర్వాతే వాళ్ళు. నేను చదవని పేజీ ఎవరూ తిప్పడానికి లేదు. ఎందుకని అది అడగలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంది. తెలివైన పిల్ల.

ఎందుకో ఈ పేజీకే చెబుతాను. దాని మాటలు ఇంక కొన్నే ఉన్నాయి. ఒక్క రోజులో చదివేస్తే మళ్ళీ అయిపోతుంది.

రోజుకి పదిహేను అడిగింది. నేను మూడన్నాను. పన్నెండంది. నేను గంప ఎత్తుకునేదానిలా లేచాను. ఎనిమిదికి కుదిరింది, చివరి పేజీలు మిగిలితే మిగలనీ అంది.

నవంబరు 10, సోమవారం

రేవు నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా ఎనిమిది పేజీలు చదివాను. వేలు పెట్టి చదువుతాను, ఒత్తులు ఎక్కువున్న మాట దగ్గర దాటేసి పోతాను. తాత అంత చెడ్డవాడేమీ కాదు. చేపలంటే ప్రేమే. కాకపోతే చేపని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. ఒకచోట వంజరానికి పొలుసులు గీకుతుంటే గుండె తరుక్కుపోయిందని రాశాడు. వంజరానికి గీకేటన్ని పొలుసులు ఎక్కడివి తాతా?

సాయంత్రం తగువు. చేపలు తినే ఊళ్ళలో మనుషులకి కోపం ఎక్కువని తాత రాశాడు. హారిక దాన్ని ఆధారం అని రాయించింది. అది ఆధారం కాదు, అభిప్రాయమని సాయికిరణ్. పుస్తకంలో అచ్చయింది కాబట్టి ఆధారమేనని ఆ పిల్ల.

ధనరాజుని అడిగాను, చేప తాజాదో కాదో ఎలా తెలుస్తుందిరా అని. మొప్ప ఎత్తి చూస్తామన్నాడు. గంపలో ఉన్నంత మాత్రాన తాజాది కాదు కదా. అచ్చయినంత మాత్రాన నిజమూ కాదు.

"మాటక్కూడా మొప్పలుంటాయమ్మా. ఎత్తి సూడాల. ఎవులు సూసినారు, ఎక్కడ సూసినారు, ఎన్నాళ్ళు సూసినారు. ఎర్రగుంటే తీసుకో. నల్లబడితే ఎనక్కి పెట్టీ."

సాయికిరణ్ అదంతా రాసుకున్నాడు. స్కేలుతో గీత కొట్టి మరీ. నా మాట కింద గీత పడటం ఇదే మొదలు.

మొప్ప ఎత్తడానికని ఆ పేజీ మళ్ళీ తీస్తే అంచున రత్నం రాసింది, నేను పొద్దున చూసినా పైకి చెప్పనిది: "నాన్నకి కోపం లేదు. అమ్మ సంగతి వేరే."

ముగ్గురూ నా వంక చూశారు. అరుగు చివర వల బాగుచేసుకుంటున్న ఈయన పైకే నవ్వాడు.

నవంబరు 12, బుధవారం

ఆమదాలవలసలో ఒకే ఒక బేరం తగిలింది. గొడుగేసుకున్న ఒకావిడ. కార్తీకం మా ఇంటాయనకి కాదు, ఆయనకి చేప లేనిదే ముద్ద దిగదంది. నాలుగు కానాగంతలు ఏరుకుంది. నా నోరు ఊరుకోదు కదా. చేపకి నొప్పి తెలుస్తుందంటారా అమ్మా అని అడిగాను. ఊరికే, తాత అడిగిన ప్రశ్నే, జనం ఏమంటారో చూద్దామని.

ఆవిడ చేతిలో చేప వంక చూసింది. చేప ఆవిడ వంక చూసింది. నాలుగూ గంపలో పెట్టేసి వెళ్ళిపోయింది.

పక్కన కూర్చునే బంగారమ్మ ఊరుకుంటుందా. "ఒసే, ఏపారానికొచ్చినావా, పిల్లలకి పాటం సెప్పడానికొచ్చినావా?"

నవంబరు 13, గురువారం

ఈయన చేప తినలేదు. పులుసు పక్కకి జరిపి మజ్జిగ పోసుకున్నాడు. ఒంట్లో బాగోలేదా అంటే బాగుందన్నాడు.

రోజూ అరుగు చివర కూర్చుని వల కడుతున్నాడనుకున్నాను. వింటున్నాడు. చదువు రానివాడికి చెవులు పెద్దవి. ఇవాళ వలలోంచి తీస్తుంటే ఒక కానాగంత తన వంకే చూసిందట.

ఇరవై ఏళ్ళుగా చూడనిది ఇవాళ చూసిందా అన్నాను. ఇరవై ఏళ్ళుగా తానే చూడలేదన్నాడు.

తాతా, నీతో నా తగువు వేరు. నా మొగుణ్ణెందుకు లాక్కుంటావు?

నవంబరు 14, శుక్రవారం

వీధిలో వార్త పాకింది. అప్పన్న చేప మానేశాడు, కార్తీక దీక్ష పట్టాడు అని. ముసలమ్మలు ఈయన కనిపిస్తే పక్కకి తప్పుకుని దారిస్తున్నారు. ఒకడు వచ్చి "మాలెప్పుడేసినావు మావా" అని అడిగాడు. ఈయన కాదనలేదు, అవుననలేదు. పుస్తకం విని మానేశానంటే పడవలో బతకనివ్వరు.

ధనరాజు మాత్రం సంతోషంగా ఉన్నాడు. ఈయన వాటా ముక్కలు వాడికే.

నవంబరు 15, శనివారం

పిల్లలు వెళ్ళిపోయారు. ఇంకా వెలుతురుంది. ఈయన వల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, చేతులు ఆడటం లేదు.

"నొప్పి తెలిసే ఉంటాదా?" అన్నాడు.

చేపకేం తెలుస్తుంది, తాత ఉత్తినే రాశాడన్నాను.

"సేప గురించి కాదు."

ఏడాదిలో ఆయన రత్నం మాట ఎత్తడం ఇదే మొదటిసారి. నేను చాపమీద నెత్తళ్ళు ఏరుతూ ఉండిపోయాను. ఏరినవే మళ్ళీ ఏరాను.

నాలుగో రోజు నిద్రపోయింది కదా, నిద్రలో ఏం తెలుస్తుందన్నాను.

"అంతేనంతావా?"

అంతేనన్నాను. దీనికి మొప్ప ఎత్తి చూడమని ఆయన అడగలేదు. నేను ఎత్తలేదు.

పులుసు వేడి చేశాను. తిన్నాడు. తలకాయ కూడా వదల్లేదు.

నవంబరు 16, ఆదివారం

ఆదివారం కూడా వచ్చారు. యాభయ్యో పేజీ దాటాక తాత ఒక మంచి మాట రాశాడు. సన్న కన్ను వలలతో పిల్ల చేపల్ని, ఇంకా గుడ్డు పెట్టని వాటిని లాగేయడం పాపమని. ఎప్పుడు ఎంత తగ్గిపోయాయో కూడా రాశాడు. నేను మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగానే ఉంది. చిన్నప్పుడు మా అమ్మ గంపలో ఉండే సైజు ఇప్పుడు నా గంపలో లేదు.

పక్కన రత్నం రాసింది: "ఇది కరెక్టు. నాన్నకి చెప్పాలి."

హారిక మెల్లగా చదివింది. ఈయన లేచి వచ్చాడు. నాన్న అని ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. చేతులు పంచెకి తుడుచుకుని, ఆ మాట మీద వేలు పెట్టాడు. పెట్టి, ఇంత చిన్నగా రాసిందేం అన్నాడు.

ఎదురు పక్షం మాట ఒప్పుకుంటే మన వాదన పోదా అని సాయికిరణ్ అడిగాడు. పోదన్నాను. బేరం ఎంత గట్టిగా ఆడినా, చివర్లో గుప్పెడు కొసరు వెయ్యాలి. వెయ్యకపోతే మళ్ళీ మన దగ్గరికి రాడు. ఈ పేజీ తాతకి మన కొసరు.

వాడు అదీ రాసుకున్నాడు. మేడం రమ్మన్నారు ఆంటీ మంగళవారం, అన్నాడు తల ఎత్తకుండా. ఎదురు మాట మా అరుగు మీదే దొరుకుతోందని మేడంకి చెప్పారట.

బడికి నేను వెళ్ళి ఏడాది దాటింది. చివరిసారి హాజరుపట్టీలో రత్నం పేరు కొట్టించడానికి.

నవంబరు 17, సోమవారం

పొద్దున్నే రేవులో నవ్వులు. ఈయన వలలోంచి పిల్ల చేపలన్నీ ఏరి నీళ్ళలో వదిలేశాడట. పడవలో ముగ్గురూ, దీక్ష ముదిరిందిరా అని.

ఇప్పుడు మధ్యాహ్నం. ఈ రోజు వంతు పేజీలు చదువుతున్నాను. యాభై తొమ్మిది. అరవై. అరవై ఒకటి.

అరవై ఒకటో పేజీలో తాత ఇలా రాశాడు. చంపడం అలవాటైన చేతికి చావు బరువు తెలియదు. అందుకే రేవు మనుషులు త్వరగా మరిచిపోతారు.

అంచున పెన్సిలు: "ఇక్కడ తాత తప్పు. ఎందుకంటే"

అంతే. తర్వాత తెల్లగా ఉంది. తర్వాతి పేజీ తిప్పాను. తెలుపు. దాని తర్వాతది. చివరి దాకా తిప్పాను, నా రూలు నేనే తప్పి. ఎక్కడా లేదు.

సాయంత్రం

పిల్లలకి చూపించాను. దాచలేదు. ధనరాజుకి ఇవాళ శనగలు అక్కర్లేకపోయింది. హారిక అడిగింది, ఎందుకంటే ఏంటి అత్తా, చార్టు మీద అక్కడ ఏం రాయాలి అని.

నాకు తెలుసన్నాను. తెలుసు. మాట మాత్రం రావడం లేదు.

చోటు వదిలేసి గీత గీశారు.

నవంబరు 18, మంగళవారం

అన్నీ రాస్తాను, మరిచిపోకముందు.

ఎవరు ఏ పక్షమో చీటీలు వేసుకున్నారు. చేప తినాలి అనేది సాయికిరణ్‌కి వచ్చింది. తినకూడదు అనేది ధనరాజుకి. మార్చుకుంటామంటే మేడం ఒప్పుకోలేదు.

ధనరాజు తన తెలివి ఒకటి కలిపాడు. మొప్పల పాఠం క్లాసుకి చూపించాలని టిఫిను డబ్బాలో మూడు కానాగంతలు తెచ్చాడు. ఒకటి ఇవాళ్టిది, ఒకటి నిన్నటిది, ఒకటి మొన్నటిది. తాజా మాట, పాత మాట, కుళ్ళిన మాట. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఐసు పెట్టేదాన్ని. పొద్దుట రెండో పీరియడు అన్నది భోజనాల తర్వాతకి మారింది. అప్పటిదాకా ఆ డబ్బా కిటికీలో, ఎండలో.

నేను వెనక బెంచీలో కూర్చున్నాను. నన్ను చూసి పిల్లలు గుసగుసలు ఆపేశారు. తొమ్మిదిలో ఉండగా రత్నం చోటు మూడో వరసలో కిటికీ పక్కనే. అక్కడ ఎవరో కొత్త పిల్ల ఉంది, రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు. మంచిదే. ఖాళీగా ఉంటే చూడలేకపోయేదాన్ని.

సాయికిరణ్ లేచాడు. జన్మలో చేప ముట్టని పిల్లాడు. పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలో, నెత్తళ్ళు ఎందుకు బలమో, వేట లేని నెలల్లో మా ఇళ్ళు ఎలా ఉంటాయో, ఒక్క ముక్క తడబడకుండా చెప్పాడు. అంతా మా అరుగు మీద రాసుకున్నదే. వాళ్ళమ్మ వింటే గంగాజలం చల్లేది.

తర్వాత ధనరాజు. చేప మన తోబుట్టువు అన్నాడు. దాని కళ్ళలోకి చూడండి అన్నాడు. "నేను నిన్న తలకాయ తిన్నాను, తప్పే," అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ ఊపులో డబ్బా మూత తీశాడు.

మూడూ ఒకటే వాసన. ఏది తాజా మాటో, ఏది కుళ్ళిన మాటో ఆ దేవుడు కూడా చెప్పలేడు. ముందు వరస లేచింది, తర్వాత అన్ని వరసలూ కిటికీల దగ్గరికి. పక్క క్లాసు హిందీ మాస్టారు తలుపు వేసుకున్నారు. సాయికిరణ్ కర్చీఫు ముక్కుకి పెట్టుకుని కూడా, "మా వాదన మారదు మేడం," అంటున్నాడు. వాణ్ణి చూసి నాకు గర్వం.

డబ్బా నేనే తీసుకెళ్ళి చెట్టు కింద పాతిపెట్టి, చేతులు కడుక్కుని వచ్చాను. మేడం నన్ను నాలుగు ముక్కలు చెప్పమన్నారు. కొసరు గురించి చెప్పాను. తాత పేజీ ఒకటి మేము ఒప్పుకున్నామని, దాంతో మాకేం తరగలేదని. గొంతు బానే పలికింది. బజారు గొంతు.

చార్టు చివర గీత చూసి మేడం అడిగారు, ఎందుకంటే తర్వాత ఖాళీ ఎవరు నింపాలని. హారిక, అది రత్నం వంతు మేడం అంది.

మేడం సుద్దముక్క బల్ల మీద పెట్టి అటు తిరిగారు. పందొమ్మిది ఇచ్చారు. ఒకటి చేపలకి తీసేశారు.

నవంబరు 19, బుధవారం

ముగ్గురూ వచ్చారు, మార్కుల సంబరం లేదు ముఖాల్లో. సోమవారం లైబ్రరీ తనిఖీ అట. పై నుంచి ఎవరో వస్తారు. పుస్తకం శుక్రవారం పదింటికల్లా ఇచ్చేయాలి. పుస్తకాల మీద గీతలూ రాతలూ ఉండకూడదట. పెన్సిలే కాబట్టి తుడిచి ఇమ్మన్నారు మేడం. చెప్పేటప్పుడు ఆవిడ కూడా నేల చూపులు చూశారట.

సాయికిరణ్ జేబులోంచి రెండు రబ్బర్లు తీసి అరుగు మీద పెట్టాడు. కొత్తవి. వాళ్ళ కొట్లోవి. వాడంతే, చెప్పింది చేస్తాడు.

సముద్రంలో పడిపోయిందని చెప్పేద్దాం పెద్దమ్మా, అన్నాడు ధనరాజు. దానికి మొప్ప ఎత్తితే నల్లగా ఉంటుందిరా అంది హారిక. మాటలన్నీ నోటుబుక్కులో దించుకుని తుడిచేద్దామంది. మళ్ళీ తనే, దించుకుంటే అది అత్త అక్షరాలవుతాయి కదా అంది.

ఈయన రబ్బరు ఒకటి తీసి వాసన చూసి పెట్టేశాడు.

నవంబరు 20, గురువారం

కార్తీకం ఇవాళ్టితో ఆఖరు. రేపు చూడాలి జనాన్ని, నెలరోజుల ఆకలి ఒక్క పూటలో. ఐసు చెప్పి పెట్టాను. ఏడాదిలో ఇంత మంచి బేరాల రోజు ఇంకోటి ఉండదు, ఆ రోజే ఈ పదింటి పని.

కూర్చుని ఆలోచించాను. తాతలాగే, ఒకటి ఒకటి పేర్చుకుని. ఉంచేసుకుంటే, దాని మాట నా పెట్టెలో ఉంటుంది, యూనిఫాం కింద, ఎవరితోనూ తగువాడదు. తగువుకే కదా అది తెచ్చుకుంది. తుడిచి ఇస్తే తాత ఒక్కడే మాట్లాడతాడు, అడిగేవాళ్ళుండరు. తుడవకుండా ఇస్తే మేడంకి మాట వస్తుంది. కానీ రేపో మాపో ఇంకెవరో పిల్ల, ఎర్ర రిబ్బన్ల పిల్లే కావచ్చు, రెండో పేజీ తిప్పి పకపకా నవ్వుతుంది.

నవ్వుతుంది కదా.

సాయంత్రం సాయికిరణ్ ఒక్కడే వచ్చాడు. నెత్తళ్ళ చాప పక్కనుంచే నడిచాడు, చుట్టూ తిరగలేదు. రబ్బర్లు కావాలి ఆంటీ, రేపు డ్రాయింగు క్లాసుంది అన్నాడు. ఇచ్చేశాను. రెండూ.

తర్వాత ధనరాజుని అడిగాను. డ్రాయింగు మాస్టారు బదిలీ అయి రెండు నెలలైందట.

నవంబరు 21, శుక్రవారం

తెల్లవారింది. గంప నిండుగా ఉంది, ఈయన ఏరి పెట్టాడు, పిల్ల చేప ఒక్కటి లేదు. పుస్తకం రెండు కవర్లలో చుట్టి నా సంచిలో పెట్టాను, నీచు తగలకుండా.

అరవై ఒకటో పేజీ తీసి పెన్సిలు పట్టుకున్నాను. వెనక నిలబడి, రాసేసినావా అన్నాడు ఈయన. లేదన్నాను. దాని మాటగా రాయాలా, నా మాటగా రాయాలా అని అడిగాను.

"తాతకి తెలిసేలాగ రాయి," అన్నాడు.

మలుపులో హారను వినిపిస్తోంది. బస్సెక్కితే బడి స్టాపుకి పావుగంట. దిగుతానో, గంపతో అలాగే ఆమదాలవలస పోతానో నాకే తెలీదు. పెన్సిలు జాకెట్టులో దోపుకున్నాను. మా రోడ్డు మీద బస్సులో రాస్తే అక్షరాలు వంకర పోతాయి. పోనీ. దానివీ వంకరే.

ఎందుకంటే